నల్ల సిరా నుంచి పాలకూర దాకా: క్రొమటోగ్రఫీతో మిశ్రమాలను విడదీసే పద్ధతి

తెల్ల చొక్కా జేబులో సిరా కలం కారిన రోజు గుర్తుందా? మరక మొదట నల్లగా, గుండ్రంగా ఉంటుంది. కంగారుపడి నీళ్లు చల్లగానే అది పాకుతుంది. పాకిన కొద్దీ అంచున నీలం, దాని లోపల ఊదా, నడుమ ఇంకా నలుపు. చొక్కా పాడైందని విసుక్కుంటాం. ఈలోగా ఒక మిశ్రమం మన కళ్లముందే తనలోని పదార్థాలుగా విడిపోయి ఉంటుంది. దీన్నే పద్ధతి ప్రకారం, కొలతలు వేసుకుని చేస్తే క్రొమటోగ్రఫీ అంటారు. తెలుగులో వర్ణలేఖనం అన్న మాట కూడా ఉంది.

వడపోత సంగతి మనకు తెలుసు. స్వేదనం సంగతీ తెలుసు. సిరా దగ్గర ఆ రెండూ చేతులెత్తేస్తాయి. రంగులన్నీ నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటాయి కాబట్టి ఏ గుడ్డా వాటిని ఆపలేదు. మరిగిస్తే నీరు మాత్రమే పోయి, రంగులన్నీ కలిసికట్టుగా అడుగున మిగులుతాయి. ఇలాంటి చోటే క్రొమటోగ్రఫీ అక్కరకు వస్తుంది.

ఇంట్లో చేయగలిగిన ప్రయోగంతో మొదలుపెట్టి, కళాశాల ప్రయోగశాలలో గాజు గొట్టంలో పొడి కూరి వేసే కాలమ్ వరకు వెళదాం. ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో మొదటి అయిదు నిమిషాలే కీలకం. ద్రవం పైకి ఎక్కడం మొదలయ్యాక మనం చేయగలిగింది కూర్చుని చూడటమే. చుక్క ఎంత చిన్నగా పెట్టాం, ఎంత బాగా ఆరనిచ్చాం అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది. నేను చూసిన చెడిపోయిన కాగితాల్లో ఎక్కువ భాగం ద్రవాన్ని తాకకముందే చెడిపోయినవి.

అసలు ఎందుకు విడిపోతాయి?

ఊళ్లో పొడవాటి వీధి ఒకటి ఉందనుకోండి. ఆ చివరి నుంచి ఇద్దరు ఒకేసారి బయలుదేరారు. ఒకాయనకు వీధి నిండా చుట్టాలే. ప్రతి అరుగు మీద నుంచీ ఎవరో ఒకరు పిలిచి కూర్చోబెడతారు, మజ్జిగ ఇస్తారు. రెండో ఆయన ఆ ఊరికి కొత్త, పలకరించే దిక్కు లేదు. ఇద్దరి నడకా ఒకటే అయినా కొత్తాయన ముందుగా వీధి దాటేస్తాడు, చుట్టాలాయన ఇంకా నాలుగో అరుగు మీదే ఉంటాడు.

ఇక్కడ వీధి అంటే కాగితం, లేదా సిలికా పొడి. కదలకుండా ఉంటుంది కాబట్టి దాన్ని స్థిర ప్రావస్థ అంటారు. మనుషులను ముందుకు నడిపించేది ద్రావణి, అంటే చలన ప్రావస్థ. స్థిర ప్రావస్థను గట్టిగా పట్టుకునే పదార్థం వెనకబడుతుంది, ద్రావణిలో కరగడానికే మొగ్గుచూపేది ముందుకు సాగిపోతుంది. కాగితంలోని సెల్యులోజ్ ఎప్పుడూ కొంత తేమను పట్టి ఉంచుతుంది. అందుకే నీటితో చుట్టరికం ఉన్న ధ్రువ పదార్థాలు కాగితం దగ్గర ఆగుతుంటాయి, నూనె గుణమున్నవి హెక్సేన్ లాంటి ద్రావణితో కలిసి పరుగెడతాయి. ఇంత తెలిస్తే చాలు, మిగతాదంతా చేతి పని.

సిరాతో మొదటి ప్రయోగం

కావలసినవి పెద్దగా లేవు. వడపోత కాగితం కావాలి. ప్రయోగశాల సామాను అమ్మే దుకాణంలో వాట్‌మన్ నంబర్ 1 అని అడిగితే ఇస్తారు. అది దొరకకపోతే అద్దుడు కాగితంతో సరిపెట్టుకోవచ్చు, గీతలు కాస్త మసకగా వస్తాయి, అంతే. పొడవాటి గాజు గ్లాసు, పెన్సిల్, స్కేలు, పళ్లపుల్ల, రెండు మూడు కంపెనీల నల్ల స్కెచ్ పెన్నులు సిద్ధం చేసుకోండి. ద్రావణిగా ఉప్పునీళ్లు చాలు, లీటరు నీటికి 1 గ్రాము ఉప్పు. ఉత్త నీళ్లతోనూ పని జరుగుతుంది కానీ కొన్ని రంగులు ఉప్పునీటిలోనే చక్కగా విడిపోతాయి.

కాగితాన్ని 3 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవున కత్తిరించండి. పట్టుకున్నంతసేపూ పై అంచునే పట్టుకోండి. వేళ్ల జిడ్డు నడుమ అంటితే ద్రవం అక్కడ తడబడుతుంది. కింది అంచు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్‌తో సన్నని గీత గీయండి. పెన్సిలే ఎందుకంటే దాని గ్రాఫైటు ఏ ద్రావణిలోనూ కరగదు. చదువుకునే రోజుల్లో ఒకసారి తొందరలో పెన్నుతో గీసేశాను. పది నిమిషాలకు నా గీతే అందమైన నీలి తెరలా పైకి పాకింది, పరీక్షించాల్సిన చుక్క దాని వెనక ఎక్కడో కలిసిపోయింది.

ఇప్పుడు చుక్క. స్కెచ్ పెన్ను మొనను గీత మీద తాకీ తాకనట్టు తాకించి తీసేయండి. చుక్క వెడల్పు 2, 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆవగింజంత అంటే సరిగ్గా కుదురుతుంది. రంగు పలుచగా అనిపిస్తే పూర్తిగా ఆరాక అదే చోట మళ్లీ తాకించండి. తడి మీద తడి పెడితే చుక్క పరుచుకుంటుంది. పరుచుకున్న చుక్క ఎంత దూరం ప్రయాణించినా పరుచుకునే ఉంటుంది, రెండు రంగుల మధ్య గీత ఎక్కడుందో తెలియదు. సిరా సీసా నుంచి తీసుకుంటుంటే పళ్లపుల్ల కొనను ముంచి, సీసా అంచుకు తుడిచి, అప్పుడు తాకించండి.

గ్లాసులో ఉప్పునీళ్లు 1 సెంటీమీటరు ఎత్తు వరకే పోయండి. కాగితం పై కొసను పెన్సిల్‌కు చుట్టి అతికించి, పెన్సిల్‌ను గ్లాసు మూతికి అడ్డంగా ఉంచి, పట్టీని లోపలికి వేలాడదీయండి. కింది అంచు నీటిలో మునగాలి, చుక్క మాత్రం నీటికి పైనే ఉండాలి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన నియమం. చుక్కే మునిగితే సిరా గ్లాసులోకి దిగిపోతుంది, మళ్లీ మొదటికి రావలసిందే. పట్టీ గ్లాసు గోడకు ఆనకుండా చూసుకోండి, ఆనిన వైపు ద్రవం వేగంగా ఎక్కి రంగులన్నీ పక్కకు ఒరుగుతాయి. పైన ఒక పళ్లెం బోర్లించండి.

ఇక కదిలించవద్దు. దీపం వత్తిలో నూనె ఎక్కినట్టే నీరు కాగితంలో ఎక్కుతుంది. మొదటి రెండు నిమిషాల్లో చుక్క కింది అంచు చెమ్మగిల్లి పలుచబడుతుంది, తర్వాత ఒక నాలుక లాంటి రంగు బయటికి వస్తుంది. చాలా నల్ల స్కెచ్ పెన్నుల్లో పైన నీలం, కింద గులాబీ లేదా ఊదా, ఎక్కడో ఒక పసుపు కనిపిస్తాయి. ఒక్కో కంపెనీ నలుపు ఒక్కో రకంగా తయారవుతుంది కాబట్టి మూడు పెన్నులకు మూడు వేర్వేరు నమూనాలు వస్తాయి. తడి అంచు కాగితం పై కొసకు 2 సెంటీమీటర్ల దూరంలోకి రాగానే పట్టీని తీసి, ఆ అంచు ఆరిపోకముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒక్క నిమిషం ఆగితే అది మాయమైపోతుంది, తర్వాత లెక్క వేయడానికి ఆధారం ఉండదు.

కొన్ని చుక్కలు అసలు కదలవు. భయపడవద్దు, తప్పు మీది కాకపోవచ్చు. బాల్ పెన్ను సిరా నీటిలో కరగదు, దానికి స్పిరిట్ కావాలి. పర్మనెంట్ మార్కర్‌దీ అదే కథ. కొన్ని నల్ల జెల్ పెన్నుల్లో ఉన్నది కరిగే రంగు కానే కాదు, మసి లాంటి కార్బన్ పొడి. అది ఏ ద్రవం పోసినా ఉన్నచోటే ఉంటుంది. కరగనిది ప్రయాణించదు.

దూరాన్ని అంకెగా మార్చడం

రంగుల పట్టీని గోడకు అంటించుకోవడం సరదాయే. దాని నుంచి ఒక అంకె తీసినప్పుడే అది శాస్త్రమవుతుంది. పెన్సిల్ గీత నుంచి రంగు మచ్చ నడిబొడ్డు వరకు కొలవండి. అదే గీత నుంచి ద్రవం చేరిన అంచు వరకు కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆర్‌ఎఫ్ విలువ. ద్రవం 9 సెంటీమీటర్లు ఎక్కి, నీలం 7.2 సెంటీమీటర్ల దగ్గర ఆగితే 7.2 ÷ 9 = 0.80. గులాబీ 4.5 దగ్గర ఆగితే 0.50. ఈ విలువ సున్నా నుంచి ఒకటి మధ్యే ఉంటుంది. ఒకటి దాటిందంటే స్కేలు తప్పు చోట పెట్టారన్నమాట.

అదే కాగితం, అదే ద్రావణి, దాదాపు అదే ఉష్ణోగ్రత ఉంటే ఒక పదార్థం ఆర్‌ఎఫ్ రేపు చేసినా ఇంచుమించు అంతే వస్తుంది. ఏది మారినా విలువ మారుతుంది. అందుకే పుస్తకంలో చూసిన అంకెతో పోల్చి తీర్పు చెప్పే అలవాటు నాకు నచ్చదు. అనుమానం ఉన్న పదార్థం పక్కనే, అదే గీత మీద, తెలిసిన శుద్ధ పదార్థం చుక్క పెట్టి రెండింటినీ ఒకేసారి నడిపించాలి.

మిఠాయి రంగు, ఉన్ని దారం

సిరా తర్వాత సహజంగా చేయి వెళ్లేది తినే రంగుల మీదికి. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8: ఎరుపుల్లో పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, పసుపుల్లో టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, నీలాల్లో ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. ఆకుపచ్చ మిఠాయిలో చాలాసార్లు ఉండేది టార్ట్రజీన్, బ్రిలియంట్ బ్లూల కలయిక.

చిక్కేమిటంటే మిఠాయి నీళ్లలో రంగు కంటే చక్కెర వందల రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ పాకం చుక్క కాగితం మీద జిగురులా కూర్చుని రంగును కదలనివ్వదు. ముందు రంగును పాకం నుంచి లాగాలి. దానికి ఆహార పరీక్షశాలల్లో వాడే పాత ఉపాయం ఉంది, ఉన్ని దారం. ఈ రంగులు ఆమ్ల గుణం కలవి, ఉన్నిలోని ప్రొటీన్ పులుపు ద్రవంలో వాటిని పట్టేసుకుంటుంది.

ఆకుపచ్చ రంగు చక్కెర గోళీలు పది తీసుకుని గోరువెచ్చని నీటిలో తిప్పండి. పైపూత కరిగి లోపలి తెలుపు బయటపడగానే గోళీలను తీసేయండి. ఆ రంగు నీటిలో ఒక చెంచా తెల్ల వెనిగర్ పోసి, సబ్బుతో కడిగి ఆరబెట్టిన జానెడు తెల్ల ఉన్ని దారం వేసి, సన్న సెగ మీద పది నిమిషాలు వేడిచేయండి. దారం ఆకుపచ్చగా మారుతుంది, నీళ్లు వెలవెలబోతాయి. దారాన్ని కుళాయి కింద పెట్టి కడగండి. చక్కెర పోతుంది, రంగు పోదు. దుకాణంలో ఉన్ని పేరుతో అమ్మేది చాలాసార్లు యాక్రిలిక్, అది ఈ రంగును పట్టదు. ఒక పోగు కాల్చి చూడండి. కాలిన వెంట్రుకల వాసన వస్తే ఉన్ని, కరిగి ముద్ద కడితే యాక్రిలిక్.

ఇప్పుడు దారాన్ని పది మిల్లీలీటర్ల నీటిలో వేసి, నాలుగైదు చుక్కల అమోనియా ద్రావణం కలిపి, కిటికీ తీసి ఉంచి మళ్లీ వెచ్చబెట్టండి. పట్టుకున్న రంగును దారం వదిలేస్తుంది. దారం తీసేసి, ఆ నీటిని వేడినీటి గిన్నె మీద పెట్టిన చిన్న పళ్లెంలో ఇగరబెడితే అడుగున నాలుగు చుక్కల చిక్కటి రంగు మిగులుతుంది. దాన్ని పళ్లపుల్లతో గీత మీద పెట్టి ఉప్పునీటిలో నడిపించండి. ఆకుపచ్చ చుక్క సగం దూరం వెళ్లేసరికే నీలం ముందుకు, పసుపు వెనక్కు జరిగి, మధ్యలో తెల్ల కాగితం కనిపించిన క్షణం చూడవలసిందే.

ఇంటి ప్రయోగం మీద ఆధారపడి ఎదురు వీధి మిఠాయి కొట్టు మీద నింద వేయవద్దు. అనుమతి లేని మెటానిల్ యెల్లో ఉందా లేదా అని తేల్చడానికి శుద్ధ నమూనాలు, మరిన్ని పరీక్షలు కావాలి.

ఉన్నికీ క్రొమటోగ్రఫీకీ మరో చుట్టరికమూ ఉంది. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేస్తూ ఉన్ని ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలను విడదీయడానికి తంటాలు పడిన ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్‌లు 1941లో, పదార్థాలు రెండు ద్రవాల మధ్య పంచుకుపోవడం మీద ఆధారపడిన విభాజన క్రొమటోగ్రఫీని ప్రకటించారు. కాగితం పద్ధతి 1944లో మార్టిన్ బృందం నుంచే వచ్చింది. 1952లో ఆ ఇద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

అమైనో ఆమ్లాలకు రంగు ఉండదు. అందుకే కాగితం ఆరాక దాని మీద నిన్‌హైడ్రిన్ చల్లి వేడిచేస్తారు, అవి ఉన్న చోటల్లా ఊదా మచ్చలు తేలుతాయి, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం పసుపుగా. డిగ్రీలో నేను ఈ ప్రయోగం చేసినప్పుడు మచ్చల కంటే ముందు, స్పష్టంగా నా బొటనవేలి ముద్ర తేలింది, గీతలు కూడా లెక్కపెట్టుకునేంత చక్కగా. చెమటలోనూ అమైనో ఆమ్లాలు ఉంటాయి మరి. ఆ రోజు నుంచి చేతి తొడుగులు లేకుండా కాగితం ముట్టలేదు.

ఆకు పచ్చదనంలో దాగిన పసుపు

ఇక్కడి నుంచి ఎసిటోన్, పెట్రోలియం ఈథర్ అవసరం. రెండూ నిప్పంటుకునే ద్రవాలు, వాటి ఆవిరి బల్ల మీదుగా పాకి దూరంలోని మంటను కూడా అందుకుంటుంది. వంటగదిలో చేయవద్దు. పాఠశాల, కళాశాల ప్రయోగశాలలో, గాలి ఆడే చోట, కళ్లద్దాలు పెట్టుకుని, దగ్గర దీపం, బర్నర్, అగరువత్తి ఏదీ లేకుండా చేయాలి.

ఆకు ఎంపిక దగ్గరే సగం విజయం. పాలకూర మంచిది, ఆకుపచ్చ తోటకూర కూడా ఫరవాలేదు. ఎర్ర తోటకూర తీసుకుంటే ఆ ఎరుపు నీటిలో కరిగే రకం కాబట్టి మన ద్రావణితో కదలదు. గోంగూర వద్దు. వండినప్పుడు గోంగూర పచ్చదనం పోయి మట్టిరంగు తిరగడం అందరూ చూసిందే. ఆకులోని పులుపు పత్రహరితం (క్లోరోఫిల్) నడుమ ఉన్న మెగ్నీషియాన్ని ఊడబెరికి, దాన్ని బూడిద రంగు ఫియోఫైటిన్‌గా మార్చేస్తుంది. రోట్లో నూరేటప్పుడు కూడా ఇదే ప్రమాదం.

5 గ్రాముల తాజా పాలకూర ఈనెలు తీసి, తడి లేకుండా తుడిచి, సన్నగా తుంచి కల్వంలో వేయండి. చిటికెడు శుభ్రమైన ఇసుక, చిటికెడు కాల్షియం కార్బొనేట్ కలపండి. ఇసుక కణాల గోడలను చీలుస్తుంది, కార్బొనేట్ ఆకులోని పులుపును విరిచి పత్రహరితాన్ని కాపాడుతుంది. 10 మిల్లీలీటర్ల ఎసిటోన్‌ను కొద్దికొద్దిగా పోస్తూ నూరండి. ద్రవం దాదాపు నల్లగా కనిపించేంత ముదురు ఆకుపచ్చ రావాలి. లేత ఆకుపచ్చ వచ్చిందంటే ఎసిటోన్ ఎక్కువైంది, లేదా చేయి నొప్పి పుట్టకముందే నూరడం ఆపేశారు. దూది గుండా వడగట్టండి.

ఈ రసంలో ఆకు నీరు కూడా ఉంటుంది, అది చుక్కను పాడుచేస్తుంది. పరీక్ష నాళికలో రసానికి సగం పెట్రోలియం ఈథర్, కొంచెం ఉప్పునీళ్లు చేర్చి, బిరడా పెట్టి నెమ్మదిగా తిప్పండి, మధ్యమధ్య బిరడా తీసి ఆవిరి వదలండి. నిలబెట్టగానే రెండు పొరలు కడతాయి. రంగులన్నీ పై ఈథర్ పొరలోకి ఎక్కుతాయి, ఎసిటోన్ కింది నీటిలోకి దిగుతుంది. పై పొరను డ్రాపర్‌తో తీసుకోండి.

చుక్క పెట్టడానికి సన్నని గాజు కేశనాళిక వాడండి. తాకించండి, ఊదండి, ఆరనివ్వండి, మళ్లీ అదే చోట తాకించండి. పది పదిహేను సార్లు. ఓపిక పరీక్షే, కానీ మూడోసారికే చాలనుకున్నవారికి ఆకుపచ్చ గీత ఒకటి కనిపిస్తుంది, పసుపు కనిపించదు. మూత ఉన్న పొడవాటి జాడీలో పెట్రోలియం ఈథర్ 9 వంతులు, ఎసిటోన్ 1 వంతు కలిపి అడుగున పోసి, పది నిమిషాలు మూసి ఉంచి, లోపలంతా ఆవిరి నిండాక పట్టీ దించండి. ఆవిరి నిండని జాడీలో కాగితం మీది ద్రవం మధ్యదారిలోనే ఎగిరిపోతుంది.

ఈథర్ నీటి కంటే చాలా చురుగ్గా ఎక్కుతుంది, కన్ను తిప్పవద్దు. అన్నిటికంటే ముందు, దాదాపు ద్రవం అంచుతో పాటే, నారింజ పసుపు గీత ఒకటి పరుగెడుతుంది. అది కెరోటిన్. దాని కింద నిమ్మపండు రంగులో జాంథోఫిల్, ఆ కింద నీలి ఛాయ ఉన్న పచ్చలో క్లోరోఫిల్ ఎ, చివరగా చిలకపచ్చలో క్లోరోఫిల్ బి. ఆర్‌ఎఫ్‌లు సుమారుగా 0.95, 0.71, 0.65, 0.45 అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మీ కాగితం మీద అంకెలు అటూ ఇటూ కావచ్చు, వరుస మాత్రం ఇదే. మధ్యలో బూడిద రంగు మచ్చ కనిపిస్తే పులుపు తన పని చేసిందని అర్థం. మచ్చల చుట్టూ వెంటనే పెన్సిల్ గీయండి. వెలుతురులో పత్రహరితం గంటల్లోనే వెలిసిపోతుంది.

సిలికా పలక మీద వరుస మారుతుంది

పరిశోధనశాలల్లో కాగితం స్థానాన్ని టీఎల్‌సీ (పలుచటి పొర క్రొమటోగ్రఫీ) పలక ఆక్రమించి చాలా కాలమైంది. అల్యూమినియం రేకు మీద సిలికా జెల్ పలుచటి పూత. రసాయన చర్య ముగిసిందా లేదా అని తెలుసుకోవడానికి పరిశోధక విద్యార్థి రోజుకు ఎన్ని టీఎల్‌సీలు పెడతాడో లెక్క ఉండదు.

పలకను కత్తెరతో 2.5 × 7 సెంటీమీటర్లకు కత్తిరించి, అడుగు నుంచి 1 సెంటీమీటరు ఎత్తున పెన్సిల్‌ను ఒత్తకుండా గీత గీయండి. పూత గీరుకుపోతే ద్రవం అక్కడ ఆగిపోతుంది. చుక్క 1, 2 మిల్లీమీటర్లే. ద్రావణి అర సెంటీమీటరు లోతు మించకూడదు. పాలకూర రసానికి హెక్సేన్ 7, ఎసిటోన్ 3 వంతులు బాగా పనిచేస్తాయి.

కాగితం మీద రెండో స్థానంలో ఉన్న జాంథోఫిల్ ఇక్కడ క్లోరోఫిల్ బి కంటే కిందకు పడిపోతుంది. జాంథోఫిల్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు సిలికాను గట్టిగా పట్టుకుంటాయి. చుట్టాలాయన ఈ వీధిలో మరీ ఎక్కువ అరుగుల మీద కూర్చున్నాడన్నమాట. వీధి మారితే చుట్టరికాలు మారతాయి. ద్రావణిని ఎంచుకునే ఒడుపు కూడా ఇందులోనే ఉంది. మచ్చలన్నీ పైకి ఎగబాకి గుమిగూడితే ఎసిటోన్ తగ్గించండి. అన్నీ అడుగునే కూర్చుంటే పెంచండి. ఒకేసారి ఎక్కువ మార్చవద్దు, 10 శాతం చొప్పున మార్చి చూడండి. మచ్చ వెనక తోకలా సాగితే సాధారణంగా చుక్కలో పదార్థం ఎక్కువైందని, పలుచన చేసి మళ్లీ పెట్టండి.

రంగులేని పదార్థాలను చూడటానికి రెండు దారులు. ఎఫ్254 అని రాసి ఉన్న పలకను 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెడితే పలకంతా పచ్చగా మెరుస్తుంది, ఆ కాంతిని పీల్చే పదార్థం ఉన్నచోట నల్లటి మచ్చ కనిపిస్తుంది. దీపం వైపు నేరుగా చూడవద్దు. లేదా మూత ఉన్న సీసాలో నాలుగు అయొడిన్ పలుకులు వేసి పలకను అందులో ఉంచితే గోధుమరంగు మచ్చలు తేలుతాయి. బయటికి తీయగానే అయొడిన్ ఎగిరిపోతుంది, అందుకే పెన్సిల్ చేతిలోనే ఉండాలి.

కాలమ్ వేసి చేతికి తెచ్చుకోవడం

ఇప్పటివరకు చేసింది చూడటానికే. విడిపోయిన పదార్థం సీసాలోకి రావాలంటే కాలమ్ వేయాలి. చరిత్రలో మొదట వచ్చింది ఇదే. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ వార్సాలో 1903లో దీని గురించి ప్రసంగించాడు, 1906లో పేరు పెట్టాడు. గాజు గొట్టంలో కాల్షియం కార్బొనేట్ పొడి కూరి, పైనుంచి ఆకు రసం పోసి, అది రంగు రంగుల పట్టీలుగా దిగడం చూశాడు. గ్రీకులో క్రోమా అంటే రంగు. రష్యన్‌లో త్స్వెత్ అన్నా రంగే! తన ఇంటిపేరును గడుసుగా ఇరికించాడేమోనని రసాయన శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చమత్కరిస్తుంటారు.

25 మిల్లీలీటర్ల బ్యూరెట్ చాలు. అడుగున చిన్న దూది ఉండ, దాని మీద అర సెంటీమీటరు ఇసుక. సిలికా పొడి 8 గ్రాములు బీకరులో తీసుకుని హెక్సేన్ పోసి జావలా కలపండి. పొడి సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు పెట్టుకునే తూకం వేయండి. జావను ఒక్క ధారగా బ్యూరెట్‌లో పోస్తూ, రబ్బరు గొట్టంతో పక్కల తడుతూ ఉండండి. గాలి బుడగలు పైకి పోయి పొడి సమంగా కూర్చుంటుంది. కింద కుళాయి తెరిచి అదనపు హెక్సేన్ వదలండి, కానీ సిలికా పైభాగం ఎన్నడూ ఆరకూడదు. ఆరిన చోట పగులు పడుతుంది, ఆ పగులు వెంట రంగులన్నీ కలగలిసి జారిపోతాయి. అలాంటి కాలమ్‌ను బాగుచేయడం కంటే పారబోసి కొత్తది వేయడం తేలిక.

ద్రవం సిలికా మట్టానికి దిగగానే కుళాయి కట్టి, పాలకూర ఈథర్ రసాన్ని ఇగరబెట్టి అర మిల్లీలీటరుకు తెచ్చి, డ్రాపర్‌తో గోడ వెంట జారవిడవండి. సిలికా ఉపరితలం చెదరకూడదు. రసం లోపలికి ఇంకాక పైన మళ్లీ కాస్త ఇసుక, ఆపై హెక్సేన్. ఇక్కడా అదే సూత్రం: పైన ఉన్న ఆకుపచ్చ పట్టీ ఎంత సన్నగా ఉంటే కింద రంగులు అంత దూరంగా విడిపోతాయి.

మొదట ఉత్త హెక్సేన్ పోయండి. నారింజ పసుపు పట్టీ ఒకటి విడివడి ఒంటరిగా కిందికి జారుతుంది. అది కుళాయి దగ్గరకు రాగానే కొత్త పరీక్ష నాళిక పెట్టండి, కెరోటిన్ చుక్క చుక్కగా చేతికొస్తుంది. తర్వాత హెక్సేన్ 9, ఎసిటోన్ 1 వంతు, ఆపై 8కి 2 వంతులు. ఆకుపచ్చలు కదులుతాయి. చివరి జాంథోఫిల్ పట్టీకి ఎసిటోన్ ఇంకా పెంచాలి. ప్రతి 2 మిల్లీలీటర్లకు నాళిక మార్చి, వరుసగా అంకెలు వేసుకోండి. వాడిన ద్రావణులను తొట్టిలో పోయకుండా పేరు రాసిన సీసాలో భద్రపరిచి ప్రయోగశాల సిబ్బందికి అప్పగించండి.

హైదరాబాద్, విశాఖపట్నం చుట్టుపక్కల మందుల కర్మాగారాల్లో వేలమందికి జీతం తెచ్చిపెడుతున్న హెచ్‌పీఎల్‌సీ (అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ) కూడా ఈ గొట్టానికి వారసురాలే. అక్కడ 15, 25 సెంటీమీటర్ల ఉక్కు కాలమ్‌లో 5 మైక్రోమీటర్ల సన్నని రేణువులు కూరి, పంపుతో భారీ పీడనం మీద ద్రావణిని నెడతారు. ఎక్కువగా వాడే, రేణువులకు పద్దెనిమిది కార్బన్ల గొలుసులు అతికించిన సీ18 కాలమ్‌లో వరుస తలకిందులవుతుంది. స్థిర ప్రావస్థే నూనె గుణం కలది కాబట్టి ధ్రువ పదార్థాలు ముందు బయటపడతాయి.

మన నాళికల దగ్గరకు వద్దాం. ఒక నాళికలోని ద్రవం ఒకే రంగులో ఉన్నంత మాత్రాన అందులో ఒకటే పదార్థం ఉందనుకోకూడదు. ప్రతి నాళిక నుంచి ఒక చుక్క తీసి టీఎల్‌సీ పలక మీద వరుసగా పెట్టండి, మొదటి చుక్కగా అసలు ఆకు రసం. ఒకే ఎత్తున ఒకే మచ్చ ఇచ్చిన నాళికలను కలిపేయండి, రెండు మచ్చలు ఇచ్చినవాటిని పక్కన పెట్టండి. కలిపినదాన్ని వేరే ద్రావణిలో, హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్‌లతో, ఇంకోసారి నడిపించండి. మొదటి ద్రావణిలో ఒకదానిమీద ఒకటి కూర్చున్న రెండు పదార్థాలు రెండోదానిలో చాలాసార్లు విడిపోతాయి. అక్కడా ఒక్క మచ్చే వస్తే సీసా మీద కెరోటిన్ అని రాసి, తేదీ వేసి, అల్యూమినియం రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.